పోలీసు విచారణ నిజంగా మారిందా? సాక్షిగా పిలిస్తే మా నాన్న స్టేషన్‌కి వెళ్ళాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజాం దగ్గర మీ ఊళ్ళో పొలంలోంచి ఒక మోటారు పోయింది. ఆ రాత్రి ఇద్దరు మనుషులు బండి మీద ఏదో బరువు పెట్టుకుని వెళ్ళడం మీ నాన్నగారు చూశారు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్ళండి" అన్నారు. ఆయనకు 63 ఏళ్ళు. మీ తాతగారేమో "ఎల్లడం మన సేతిలో, తిరిగి రావడం ఆల సేతిలో" అని ఇంట్లో అందరికీ టెన్షన్ పెడుతున్నారు. తాతగారి కాలానికీ ఇప్పటికీ విచారణ పద్ధతి నిజంగా మారిందా, మారితే ఏం మారింది అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ నాన్నగారు స్టేషన్‌కి వెళ్ళి తీరాలన్న రూలు లేదు. 60 దాటిన మగవారిని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని, ఏ వయసు ఆడవారినైనా, వికలాంగుల్ని, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళని సాక్ష్యం కోసం ఇల్లు దాటి రమ్మని పోలీసు బలవంతపెట్టకూడదు. ఇంటికి వచ్చి అడగాలి. పాత చట్టంలో ఈ వయసు 65 ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 179వ సెక్షన్ కింద 60 అయింది. ఆయనకు ఇష్టమై వెళ్తానంటే వెళ్ళొచ్చు, అడ్డేమీ లేదు.

ఇక విచారణ మారిందా అన్న ప్రశ్న. మారింది. అయితే పుస్తకంలో మారినంత గదిలో మారలేదు. నేను 1985లో ఎస్సైగా చేరి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే ఎక్కువ కాలం చేసి, 2020లో దిగిపోయినవాణ్ణి. కొత్త చట్టం కింద నేను ఒక్క కేసు కూడా దర్యాప్తు చేయలేదు. పాత కేసుల సమన్లు ఇప్పటికీ వస్తుంటాయి కాబట్టి విజయనగరం కోర్టు వరండాలో మా కుర్రాళ్ళు చెప్పేది వింటూ ఉంటాను. ఆ కొలతతోనే ఇది చదవండి.

మీ తాతగారి భయాన్ని నేను కొట్టిపారేయను. దానికి ఆయన వయసు కంటే పెద్ద చరిత్ర ఉంది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. శిస్తు వసూలుకీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని హింసిస్తున్నారని గోల పుడితే మద్రాసు ప్రభుత్వమే ఒక కమిషన్ వేసింది. 1855లో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి బిగించడం, మనిషిని వంచి మెడను కాళ్ళకు కలిపి కట్టి ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ అందులో నమోదయ్యాయి. కిందిస్థాయి రెవెన్యూ నౌకరే పోలీసు పనీ చేసేవాడు. శిస్తు రాబట్టే చెయ్యీ, నిజం రాబట్టే చెయ్యీ ఒకటే అన్నమాట.

దాని తర్వాత 1861లో ఒక గట్టి నిర్ణయం జరిగింది. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు అని చట్టంలో రాసేశారు. అదే 1872 సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లయింది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. చాలా దేశాల్లో పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు సరిగ్గా తీసుకుంటే కోర్టులో చెల్లుతుంది. మన దగ్గర మామూలు చట్టం కింద కానిస్టేబుల్ నుంచి డీజీపీ దాకా ఎవరి ముందు ఒప్పుకున్నా చెల్లదు. మధ్యలో ఉగ్రవాదం మీద తెచ్చిన టాడా, పోటా చట్టాల్లో ఎస్పీ స్థాయి అధికారి ముందు చెప్పింది చెల్లుతుందని పెట్టారు గానీ, అవి రెండూ పోయాయి.

మరి చెల్లని ఒప్పుకోలు కోసం ఎందుకు కొట్టేవారు? ట్రైనింగ్‌లో ఎవరూ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పరు. కొట్టింది ఒప్పుకోలు కోసం కాదు, రికవరీ కోసం. పాత చట్టంలో 27వ సెక్షన్ అని ఒకటి ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. దీని హద్దు ఎక్కడో చెప్పింది కూడా మన తెలుగు నేల కేసే. గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కొట్టయ్య కేసులో, 1947 రిపోర్టుల్లో అచ్చయిన, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ తీర్పు. ఒక నిందితుడు ఎలా కాపు కాశారో, ఎలా కొట్టి చంపారో చెప్పి, చివర్లో బల్లెమూ కర్రా గడ్డివాములో దాచానన్నాడు. దాచానన్న ముక్క చెల్లుతుంది, కొట్టి చంపామన్న ముక్క చెల్లదు అంది ప్రివీ కౌన్సిల్. చట్టం ముందు తలుపు మూసి కిటికీ తెరిచి ఉంచితే జనం ఎటునుంచి దూరతారో చెప్పక్కర్లేదు. వందేళ్ళకు పైగా మా పని అంతా ఆ కిటికీ దగ్గరే జరిగింది. మధ్యవర్తులిద్దరు, వారిలో ఒకరు తప్పకుండా వీఆర్వో, ఒక పంచనామా, ఒక వస్తువు. కేసు "డిటెక్ట్" అయినట్టే.

మీ ఊళ్ళో పోయింది మోటారు అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఇది నేను ఎక్కువమందికి చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. నేను పనిచేసిన స్టేషన్ పరిధిలో వరసగా నాలుగు మోటార్లు పోయాయి. క్రైం పార్టీ వాళ్ళు మోటారు మెకానిక్ దగ్గర పనిచేసి మానేసిన ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. రెండు రాత్రులు "కోటింగ్" అయింది. నేను చెయ్యి వెయ్యలేదు. ఆపనూ లేదు, పక్కగదిలో కేసు డైరీ రాసుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున్న వాడు నాలుగూ నేనే తీశాను బాబూ అన్నాడు. గెడ్డలో, అంటే వాగులో, పడేశానని ఒకచోటు చూపించాడు, అక్కడ లేదు. ఇంకోచోటు చూపించాడు, అక్కడా లేదు. నిజం చెప్పినవాడు చోటు మార్చడు కదా అని ఎవరికీ తట్టలేదు. దాస్తున్నాడు, ఇంకా గట్టిగా అడగాలి అనే అనుకున్నాం. సాయంత్రానికి వాడి తండ్రి ఒక మోటారు తెచ్చి స్టేషన్ వెనక పెట్టాడు. "ఇదే బాబూ, మా గుంటడు తీసింది, ఒగ్గీండి" అన్నాడు. పోగొట్టుకున్న రైతును పిలిస్తే దాని చుట్టూ తిరిగి చూసి, ఇది నాది కాదు, కంపెనీయే వేరు అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ తండ్రి రెండు మేకలు అమ్మి పాత ఇనుప సామాన్ల కొట్లో దాన్ని కొన్నాడట. నాలుగు నెలలకి వేరే స్టేషన్ వాళ్ళు ఒక ముఠాను పట్టుకుంటే మా మోటార్లలో మూడు వాళ్ళ దగ్గర దొరికాయి.

దెబ్బకు నిజం బయటికొస్తుందని నమ్మేవాళ్ళతో నేను వాదించను. ఆ మేకల సంగతి చెప్తాను. దెబ్బకు బయటికొచ్చేది అడిగేవాడి మనసులో ఉన్న జవాబు. మేం అప్పటికే "వీడే" అనుకున్నాం, వాడు "నేనే" అన్నాడు. రెండూ ఒకటే వాక్యం.

ఇదే సంగతిని ఇంగ్లండు వాళ్ళు తలపగలగొట్టుకుని నేర్చుకున్నారు. 1972లో లండన్‌లో ఒక హత్యకేసులో ముగ్గురు కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకడికి పద్దెనిమిదేళ్ళు, బుద్ధి మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లాడిది. 1975లో అప్పీలు కోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. దాని మీద విచారణ, ఆ తర్వాత రాయల్ కమిషన్, చివరికి 1984లో పేస్ అనే చట్టం వచ్చాయి. నిందితుణ్ణి అడిగే ప్రతి మాటా టేపు మీద ఎక్కాలి. రెండు క్యాసెట్లలో ఒకదాన్ని అతని ఎదుటే సీలు చేయాలి. ఈలోగా ఐఆర్‌ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ బాంబు కేసుల్లో పద్నాలుగు, పదహారేళ్ళు జైల్లో ఉన్నవాళ్ళు 1989లో, 1991లో నిర్దోషులుగా బయటికొచ్చారు.

టేపులు పెట్టాక అసలు తమాషా జరిగింది. జాన్ బాల్డ్విన్ అనే పరిశోధకుడు వందల రికార్డింగులు విని 1992లో రాశాడు. పోలీసులు రాక్షసుల్లా ఉంటారనుకుంటే, వాళ్ళు పని రానివాళ్ళలా ఉన్నారట. తయారీ లేదు, తడబాటు, ముందే నేరస్థుడని నమ్మేసి దానికి సరిపడే జవాబు కోసం మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న. నేను ఆ సంగతి చదివినప్పుడు సీమ దొరలూ మాలాంటివాళ్ళేనా అని నవ్వొచ్చింది. అప్పుడే వాళ్ళు కొత్త శిక్షణ పెట్టారు. దాని పేరు పీస్ పద్ధతి. ముందు సిద్ధం కావాలి, మనిషితో మాట కలిపి ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి, అతన్ని పూర్తిగా చెప్పనివ్వాలి, తర్వాత ప్రశ్నలు వేయాలి, ముగించాలి, వెళ్ళాక చెప్పినదాన్ని తూచి చూసుకోవాలి. ఒప్పించడం అన్న మెట్టే అందులో లేదు.

అమెరికా వాళ్ళది వేరే దారి. 1936లోనే వాళ్ళ సుప్రీంకోర్టు కొరడా దెబ్బలతో వచ్చిన ఒప్పుకోలు చెల్లదంది. 1966లో మిరాండా తీర్పు వచ్చింది. "నువ్వు మాట్లాడకుండా ఉండొచ్చు" అని సినిమాల్లో చెప్పే మాట దాన్నుంచి వచ్చిందే. దెబ్బలు పోయి మనసు మీద ఒత్తిడి పెట్టే రీడ్ పద్ధతి వచ్చింది. నువ్వే చేశావని తేల్చి చెప్పడం, కాదంటే మాట తుంచేయడం, "పరిస్థితులు అలాంటివిలే" అని ఒప్పుకోవడానికి ఒక సాకు అందించడం. చెయ్యి తగలదు గానీ ఫలితం ఒక్కోసారి మా కుర్రాడి కథే. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒకామె మీద జరిగిన దాడి కేసులో కుర్రాళ్ళు ఒప్పుకున్నారు, 2002లో ఆ శిక్షలు రద్దయ్యాయి. అసలువాడు వేరే.

"కళ్ళు చూస్తే అబద్ధం తెలిసిపోతుంది" అనేవాళ్ళు మా డిపార్ట్‌మెంట్‌లో ప్రతి స్టేషన్‌కీ ఒకరుంటారు. నేనూ కొన్నాళ్ళు అదే బాపతు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2006లో లెక్క తీస్తే, మనిషి అబద్ధాన్ని పసిగట్టడంలో సగటున 54 శాతం సరిగ్గా చెప్పగలడని తేలింది. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది.

మళ్ళీ మన దగ్గరికి వద్దాం. కోర్టులు మెట్టు మెట్టుగా బిగించాయి. 1978లో నందినీ శత్పథి కేసులో, తనను ఇరికించే ప్రశ్నకు మౌనంగా ఉండే హక్కు పోలీసు విచారణ దగ్గర కూడా ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. 1996 డిసెంబరులో డీకే బసు తీర్పు వచ్చింది. అరెస్టు మెమో, బంధువులకు కబురు, 48 గంటలకొకసారి వైద్య పరీక్ష, అరెస్టు చేసేవారికి పేరు పలక. ఆ తీర్పు బోర్డు మా స్టేషన్ గోడకు తగిలించిన రోజు నాకు గుర్తుంది. స్టేషన్ కాగితాలన్నీ రాసే మా రైటర్ చదివి "ఇవన్నీ చేస్తే దొంగల్ని ఎవరు పడతారు సార్" అన్నాడు. పట్టాం. కొంచెం ఎక్కువ నడవాల్సి వచ్చింది, అంతే. 2010లో సెల్వీ తీర్పు ఇష్టం లేకుండా నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు చేయకూడదంది. అదే ఏడు చివర్లో, అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే 41ఏ నోటీసు, విచారణ మధ్యలో వకీలును కలిసే హక్కు అమల్లోకి వచ్చాయి. వకీలు మొత్తం సేపూ పక్కన కూర్చోవడం కాదు, మధ్యలో కలవొచ్చు. ఇప్పుడు ఇవి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35, 38 సెక్షన్లు. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రతి స్టేషన్‌లోనూ మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, 18 నెలలు దాచాలని చెప్పింది.

నన్నడిగితే ఇన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది సెల్‌ఫోన్. నవ్వకండి. కాల్ డేటా చేతికొచ్చాక మొదటిసారిగా మా దగ్గర నిందితుడి నోటితో పనిలేని సాక్ష్యం తేలిగ్గా దొరికింది.

పలాస వైపు ఒక జీడి బట్టీలో నగదు పోయింది, 2009 ప్రాంతం. లెక్కలు రాసేవాడి మీద యజమానికి అనుమానం. అతని ఫోన్ రాత్రి తొమ్మిదింటికి కాశీబుగ్గ టవర్ కింద ఉందని మా దగ్గర కాగితం ఉంది. పాత అలవాటైతే ఆ కాగితం మొహాన కొట్టి "ఏం చెప్తావురా" అనేవాళ్ళం. అప్పుడతను పది సాకులు వెతుక్కుంటాడు, ఫోన్ మా బావ తీసుకెళ్ళాడంటాడు. నేను కాగితం డ్రాయరులో పెట్టి, టీ తెప్పించి, ఆ రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పమన్నాను. గంటన్నర చెప్పాడు. సాయంత్రం సోంపేటలో అత్తవారింటికి వెళ్ళానన్నాడు. ఏ బస్సు, ఎవరున్నారు, ఏం తిన్నారు, మధ్యలో బయటికి వెళ్ళారా అని అడిగాను. వెళ్ళలేదన్నాడు. ఫోన్ ఎవరైనా వాడారా? లేదు, నా జేబులోనే ఉందన్నాడు. అన్ని తలుపులూ అతనే వేసుకున్నాక డ్రాయరు తీశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తనే బ్యాగు ఎక్కడుందో చెప్పాడు. ఇలా సాక్ష్యాన్ని చివరిదాకా చేతిలో ఉంచుకునే పద్ధతి మీద స్వీడన్ వాళ్ళు పెద్ద పరిశోధనే చేశారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాకు నేర్పింది మాత్రం ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్. "ఆడి కత ఆణ్నే కట్టుకోనీండి బాబూ, కూలగొట్టడం తరవాత" అనేవాడు.

ఇప్పటిదాకా చెప్పింది నిందితుల సంగతి. మీ నాన్నగారు సాక్షి. నిజం చెప్పాలంటే సాక్షిని అడిగే పద్ధతిలోనే మేం ఇంకా వెనకబడి ఉన్నాం. దెబ్బలుండవు కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోరు. కేసులు పోయేది మాత్రం ఎక్కువగా అక్కడే.

161 స్టేట్‌మెంట్ అని విని ఉంటారు, ఇప్పుడది 180. సాక్షి చెప్పింది దర్యాప్తు అధికారి రాసుకుంటాడు. దాని కింద సాక్షి సంతకం పెట్టనక్కర్లేదు, పెట్టించకూడదు కూడా. కోర్టులో దాన్ని సాక్ష్యంగా వాడరు, సాక్షి మాట మారిస్తే ఎత్తిచూపడానికి మాత్రమే. సంతకాలు పెట్టేవి ఫిర్యాదు, పంచనామా, మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం లాంటివి. మీ నాన్నగారికి ఏదైనా కాగితం ఇచ్చి సంతకం అడిగితే, ఇది ఏ కాగితమని అడిగి, చదివించుకుని పెట్టమనండి.

ఈ సంతకం లేని కాగితం మీద కూడా మన ప్రాంతపు కేసు ఒకటి దేశమంతా లా కాలేజీల్లో పాఠమైంది. 1937 మార్చిలో పిఠాపురం నుంచి ఒక నౌకరు, తనకు రావలసిన బాకీ కోసం బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి రైలెక్కాడు. మన విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, ఇచ్ఛాపురం మీదుగా వెళ్ళే లైనే. రెండు రోజుల తర్వాత పూరీ స్టేషన్‌లో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనప ట్రంకు, అందులో ఏడు ముక్కలుగా అతని శవం. పాకాల నారాయణస్వామి అనే ఆయన అరెస్టుకు ముందే పోలీసులతో, అతను మా ఇంటికొచ్చి ఒక రాత్రి పడుకుని వెళ్ళాడని చెప్పాడు. 1939లో ప్రివీ కౌన్సిల్, అప్పటికి నిందితుడు కాకపోయినా దర్యాప్తులో పోలీసుకు చెప్పిన ఆ మాట వాడుకోకూడదంది. మిగతా సాక్ష్యంతోనే శిక్ష నిలబెట్టింది. చనిపోయినవాడు బయల్దేరేముందు భార్యతో అన్న మాట మాత్రం చెల్లింది. ట్రైనింగ్‌లో ఈ కేసు చెప్పినప్పుడల్లా మా వాళ్ళందరికీ ట్రంకు గుర్తుండేది, సెక్షన్ మరిచిపోయేవారు.

సరే, స్టేట్‌మెంట్ ఎలా రాస్తామో చెప్తాను. "నేను పై విలాసంలో కాపురం ఉంటూ వ్యవసాయం చేసుకుని జీవించుచున్నాను" అని మొదలవుతుంది. ఎల్‌డబ్ల్యూ (సాక్షుల జాబితాలో నంబరు) 2 నుంచి 9 దాకా ఎనిమిది మంది ఒకే వాక్యాలు, ఒకే తప్పులతో మాట్లాడతారు. మొదటిది రైటర్ అడిగి రాస్తాడు, మిగతావి చూసి రాస్తాడు. కోర్టులో డిఫెన్సు వకీలు అది చదివి వినిపిస్తే ఆ సాక్షి "నానెప్పుడు సెప్పినాను బాబూ, ఏటో ఆలు రాసీసినారు" అంటాడు. హోస్టైల్ అయ్యాడని, అంటే ఎదురు తిరిగాడని, మేం తిట్టుకుంటాం. కొందరు డబ్బుకి లొంగినవాళ్ళుంటారు, ఒప్పుకుంటాను. కానీ చాలామంది నిజంగానే ఆ మాట అనలేదు.

మన యాసతో ఇంకో చిక్కు. సాక్షి "సందకాడ సూసినాను" అంటాడు. రైటర్ "సాయంత్రం 6-30 గంటలకు" అని రాస్తాడు. సందకాడ అంటే పశువులు ఇంటికొచ్చే వేళ నుంచి దీపాలు పెట్టి అన్నం తినే దాకా ఎప్పుడైనా కావచ్చు. కోర్టులో ఆ అరగంట మీద గంటసేపు క్రాస్ ఎగ్జామినేషన్ నడుస్తుంది. దక్షిణం నుంచి కొత్తగా వచ్చిన ఒక ఎస్సై, "గుంట అటేపు ఎల్లిపోనాది" అన్నదాన్ని పట్టుకుని ఊరవతల గుంట ఎక్కడుందా అని స్కెచ్ గీశాడు. గుంట అంటే ఇక్కడ ఆడపిల్ల అని మర్నాడు ఎవరో చెప్పారు.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. ఏజెన్సీలో అదే పొరపాటు నవ్వు తెప్పించదు. సీతంపేట కొండల్లో ఒక సవర గిరిజన ముసలావిడని అడుగుతున్నాను. ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడింది. దుబాసీగా తెచ్చుకున్న కుర్రాడు "తెలీదంట సార్" అన్నాడు. రెండు నిమిషాల మాటకి ఒక్క ముక్కా? మర్నాడు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే సవర టీచరమ్మను బతిమాలి తీసుకెళ్ళాను. ఆవిడ ఇద్దర్ని చూసింది, ఎటు దిగారో చూసింది, ఒకడి చేతిలో ఏముందో చూసింది. పేర్లు తెలియవు. నేను ముందు రోజు అడిగింది "వాళ్ళెవరో తెలుసా" అని. ఆవిడ తప్పేముంది?

జ్ఞాపకం గురించి ఒక మాట. మనసులో ఫొటో ఉంటుందనీ, సాక్షి దాన్ని చూసి చెప్తాడనీ మేం అనుకునేవాళ్ళం. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, పామర్ అనే పరిశోధకులు జనానికి కార్లు గుద్దుకున్న సినిమా ముక్కలు చూపించి ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు. "తగిలినప్పుడు" అనే మెత్తని మాటతో అడిగితే సుమారు 32 మైళ్ళన్నారు, "నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనే అర్థమొచ్చే మాటతో అడిగితే సుమారు 41 అన్నారు. చూపించింది ఒకటే. ప్రశ్నలో ఒక్క మాట మారింది. ఆ లెక్క చదివాక నాకు రణస్థలం దగ్గర హైవే మీద ఒక లారీ కేసు గుర్తొచ్చింది. టీకొట్టు ఆయన్ని "లారీ ఎంత స్పీడుగా వచ్చి గుద్దింది" అని అడిగాను, చాలా స్పీడుగా బాబూ అన్నాడు, రాసేసుకున్నాను. కోర్టులో తేలిందేమంటే, చప్పుడు విని తలతిప్పి చూశాడు. గుద్దడం చూడనే లేదు. నేను అడిగిన తీరులోనే జవాబు ఉంది, ఆయన మర్యాదకి కాదనలేదు.

ఫిషర్, గైసెల్మన్ అనే ఇద్దరు 1980లలో దీనికొక పద్ధతి కట్టారు. సాక్షిని ఆ చోటుకి మనసులో తీసుకెళ్ళాలి. వెలుతురెలా ఉంది, ఏం వినబడింది, నువ్వేం చేస్తున్నావు. చిన్నదో పెద్దదో అన్నీ చెప్పమనాలి. చివర్నుంచి మొదటికి చెప్పమనాలి. మధ్యలో అడ్డు తగలకూడదు. ఈ ఆఖరిది మా వాళ్ళకు అన్నిటికంటే కష్టం. పది సెకన్లు నిశ్శబ్దంగా కూర్చోమంటే ఎస్సై కుర్చీలో ముళ్ళున్నట్టు కదులుతాడు.

పిల్లల విషయంలో మాత్రం మార్పు కళ్ళారా చూశాను. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012 పోక్సో చట్టం వచ్చాక బిడ్డ ఇంటికో, బిడ్డ కోరినచోటికో వెళ్ళాలి, యూనిఫాం వేసుకోకూడదు, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి అడగాలి, నమ్మకమున్న పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. మా దగ్గర ఒక మహిళా ఎస్సై చీర కట్టుకుని వెళ్ళి ముందు అరగంట ఆ పాపతో గవ్వలాట ఆడింది. అలాంటి కేసుల్ని మేం 1990లలో ఎలా అడిగామో తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది.

కొన్ని మినహాయింపులు. కెమెరా ఉన్నంతమాత్రాన దాని ముందే అన్నీ అడుగుతారన్న గ్యారంటీ లేదు. కొత్త చట్టంలో సోదా, స్వాధీనం వీడియో తీయడం తప్పనిసరి. సాక్షి మాటల్ని రికార్డు చేయడం మాత్రం మామూలు కేసుల్లో "చేయవచ్చు" అనే ఉంది. ఉన్న సిబ్బందితో బందోబస్తులు చూసుకుంటూ ఒక్కో సాక్షి దగ్గర గంట కూర్చోవడం కుదరదని మా కుర్రాళ్ళు అంటారు, అది అబద్ధం కాదు. ఇంకోటి, సాక్షికి కూడా బాధ్యత ఉంది. తనను నేరంలో ఇరికించే ప్రశ్న తప్ప మిగతావాటికి నిజం చెప్పి తీరాలి. "మనకెందుకు" అని తెలియదనడం హక్కు కాదు.

ఇక మీ నాన్నగారి సంగతి. ఎస్సైగారు మళ్ళీ ఫోన్ చేస్తే, "నాకు 63 బాబూ, సాయంత్రం ఇంట్లోనే ఉంటాను, మీరే రండి" అనమనండి. గొడవగా కాదు, మామూలుగా. తాతగారితో, పక్కింటివాళ్ళతో ఆ రాత్రి గురించి ఇంకోసారి చర్చ పెట్టకముందే గుర్తున్నది ఒక కాగితం మీద రాసుకోమనండి. ఇప్పటికే ఊళ్ళో బండి రంగు గురించి నాలుగు కథలు నడుస్తూ ఉంటాయి. ఆయనకు రంగు కనబడకపోతే కనబడలేదనే చెప్పాలి, "నల్లదే కదా" అని అడిగినా సరే. చీకట్లో ఇద్దరు, బరువు, ఏ దిక్కు, కుక్కలు మొరిగాయా, అంతవరకే ఆయనది. రాసుకున్నది చదివి వినిపించమని అడగొచ్చు, తప్పేం కాదు.

వాళ్ళు వచ్చినప్పుడు కుర్చీలు వీధి అరుగు మీద వేయకండి, లోపలే వేయండి. అరుగు మీద వేస్తే ఊరు ఊరంతా చుట్టూ చేరి మీ నాన్నగారి తరఫున జవాబులు చెప్పేస్తుంది.